ఒంటిగంటన్నర తామరలు

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తామరపూలు చూపిస్తామని అచ్చువేయించిన మనిషి, తన జీవితంలో ఒక్క తామరపువ్వునైనా కళ్లారా చూశాడా?

ఈ ప్రశ్నను తొగాషి ఫుసాయె మొదటిసారి జూలై రెండో శనివారం ఉదయం, షింజుకు స్టేషను పడమటి ద్వారం దగ్గర, బస్సెక్కకముందే అడిగింది. ఇప్పటివరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అడిగింది తన ఆడపడుచు తొకికోను. భర్త పోయి పదకొండేళ్లయినా, ఆయన చెల్లెలు మాత్రం ఫుసాయెను విడిచిపెట్టలేదు. నెలకొకసారి ఇద్దరూ కలిసి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే బస్సు యాత్ర ఒకటి చేస్తారు. ఏ పువ్వు కోసం వెళ్లాలో ఫుసాయె నిర్ణయిస్తుంది. అక్కడ ఏం తినాలో తొకికో నిర్ణయిస్తుంది. పువ్వు లేని యాత్ర ఫుసాయెకు వట్టి ప్రయాణం. తిండి లేని యాత్ర తొకికోకు శిక్ష. ఈసారి ఫుసాయె వారం రోజులు జ్వరంతో పడుకోవడం వల్ల రెండు నిర్ణయాలూ తొకికో చేతిలోనే పడ్డాయి.

“వేళ చూడలేదా నువ్వు?” అని ఫుసాయె యాత్రాపత్రం మీద వేలు పెట్టి చూపింది.

“తామరాకులో అన్నం అని అంత పెద్ద అక్షరాలతో వేస్తే, పక్కన వేళ ఎవరు చూస్తారు వదినా?”

“తామర తెల్లవారుజామున విచ్చుకోవడం మొదలుపెడుతుంది. ఏడింటికి నిండుగా ఉంటుంది. పదకొండు దాటితే ముడుచుకుపోతుంది. ఇదేం రహస్యం కాదు. మా బడి గ్రంథాలయంలో మూడో బీరువాలో ఉండేది.”

“ఆ బీరువా తాళంచెవి ముప్ఫై నాలుగేళ్లు నీ మెడలోనే వేలాడింది కదా. ఇక లోకానికెట్లా తెలుస్తుంది?”

బస్సులో ముప్ఫై ఏడుగురు ప్రయాణికులు. అందరూ బయలుదేరవలసిన వేళకు పది నిమిషాల ముందే తమ తమ సీట్లలో కూర్చుని, అప్పటికే సీటుబెల్టులు బిగించుకుని ఉన్నారు. వదినా ఆడపడుచులకు మొదటి వరుస దొరికింది. గైడు పేరు ఒగినో. పాతికేళ్లుంటాయి. చేతిలో పసుపు జెండా, మెడలో మైకు, నుదుటి మీద అప్పుడే చెమట. ఆమె వంగి నమస్కరించి నాటి కార్యక్రమం చదివింది. పది గంటలకు పచ్చళ్లు, మిఠాయిల దుకాణంలో యాభై నిమిషాలు. పన్నెండింటికి స్థానిక భోజనం. ఒంటిగంటన్నరకు తాదెనుమా తామర కొలను, నలభై నిమిషాలు.

“ఊరగాయలకు యాభై, పూలకు నలభై” అని ఫుసాయె గొంతు పెంచకుండానే అన్నది. గొంతు పెంచవలసిన అవసరం ఆమెకు ఉద్యోగంలో కూడా ఎన్నడూ రాలేదు.

దుకాణం దగ్గర తొకికో వంకాయ పచ్చడి రుచి చూసే మిషతో ఐదు రకాలు తినేసి, ఆ తరువాత బస్సు నీడలో ఒంటరిగా నిలబడ్డ ఒగినోను పట్టుకున్నది. తొకికో ఎవరినైనా పట్టుకున్నదంటే, వాళ్ల పెద్దమ్మ మోకాలినొప్పుల వరకూ తెలుసుకోకుండా వదలదు. కాసేపటికి ఫుసాయె కూడా నీడకు చేరింది.

“అమ్మాయ్, ఈ ఒంటిగంటన్నర సంగతి ఎవరి తెలివి?” అని తొకికో అడిగింది.

“మా ప్రణాళికా విభాగం వాళ్లదండీ.”

“వాళ్లలో ఎవరిది?”

“అది నాకూ తెలియదండీ.” ఒగినో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మా తాతయ్య తామరదుంపలు పండించేవాడు. పొద్దున నాలుగున్నరకు బయలుదేరదామని మూడుసార్లు రాసి ఇచ్చాను. ఈ దుకాణం తొమ్మిదిన్నరకు గానీ తెరవరు కనుక కుదరదన్నారు.”

“అంటే పువ్వు వచ్చి పచ్చడి కోసం కాచుకుని ఉండాలన్నమాట” అన్నది ఫుసాయె.

ఒగినోకు నవ్వు వచ్చింది. వెంటనే ఆ నవ్వును జెండా వెనక దాచుకున్నది. ఆ తరువాత తొకికో ఇంకొంచెం లాగితే అసలు సంగతి బయటపడింది. తిరుగుదారిలో ప్రయాణికులు నింపి ఇచ్చే అభిప్రాయ పత్రాల మీద గైడు పేరు అచ్చు వేసి ఉంటుంది. ఆ పేరు కింద మూడే మాటలు: తృప్తి, పరవాలేదు, అసంతృప్తి. ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. ఆ నెలలో ఒగినో పేరు కింద అప్పటికే రెండు అసంతృప్తులు వచ్చాయి. ఒకటి వాన పడినందుకు, మరొకటి దోమ కుట్టినందుకు. మూడోది వస్తే సెప్టెంబరు నుంచి ఆమెను పూల బస్సుల నుంచి తీసేసి టెలిఫోన్ల దగ్గర కూర్చోబెడతారు.

“కిటికీ కూడా లేదండీ ఆ గదికి” అని ఒగినో అన్నది. అన్నాక, అతిథులతో ఇలాంటి మాటలు చెప్పినందుకు నడుము విరిగేలా వంగి మూడుసార్లు క్షమాపణ చెప్పింది.

బస్సు కదిలాక తొకికో వదిన మోచేతిని పొడిచింది. “విన్నావుగా. ఇవాళ నోరూ కలమూ రెండూ మూసుకో. తృప్తి అని సున్నా చుట్టెయ్. నీ సొమ్మేం పోదు.”

“ముడుచుకున్న పూలు చూసి తృప్తి పడ్డానని రాయమంటావా?”

“ఆ పిల్ల కోసం.”

“ఆ పిల్లకు ద్రోహం చేసింది నేను కాదు. నా చేత అబద్ధం రాయించి దానిని కప్పిపుచ్చుకుందామంటే నేను ఒప్పుకోను.”

“అయితే అసంతృప్తి అని రాసి ఆ పిల్లను చీకటిగదిలోకి తోసెయ్. నిజాయితీ నీకు, టెలిఫోను దానికి!”

ఫుసాయె మాట్లాడలేదు. వాదనలో ఎదుటివారిది న్యాయమని తోచినప్పుడు మాత్రమే ఆమె మౌనంగా ఉండేది. ఆ సంగతి తొకికోకు తెలుసు గనుక, ఆ మౌనాన్ని ఒక చిల్లిగవ్వంత కూడా వృథా చేయకుండా హాయిగా కునుకు తీసింది.

స్థానిక భోజనం హైవే పక్కన ఉన్న, మూడు బస్సులు ఒకేసారి పట్టే హాలులో జరిగింది. తామరాకు ప్లాస్టిక్‌ది. ఆకు మీద అన్నం, అన్నం మీద రొయ్య. సముద్రం అక్కడికి ఎనభై కిలోమీటర్ల దూరం. తొకికో ఆకును ఎత్తి, వెలుతురుకు పట్టి, తిప్పి చూసింది. వెనక తయారీదారు ముద్ర ఉన్నది.

“వదినా, నీ పువ్వు ముడుచుకుంటుంది సరే. నా ఆకు మాత్రం ఎన్నటికీ వాడిపోదు” అన్నది ఏడవలేక నవ్వుతూ.

తాదెనుమా కొలను దగ్గర బస్సు సరిగ్గా ఒంటిగంటన్నరకు ఆగింది. ఆలస్యమైనా బాగుండేదేమో, ఇంత ఖచ్చితంగా తప్పు చేయడం చూసి ఫుసాయెకు ఒళ్లు మండింది. ఎటు చూసినా ఆకులు, ఆకుల పైన బిగించిన పిడికిళ్లలాగా ముడుచుకున్న గులాబీరంగు మొగ్గలు. ముప్ఫై ఆరుగురు గట్టు మీద వరుసగా నిలబడి, “ఎంత బాగున్నాయో”, “ఎంత అందమో” అని ఒకరికొకరు చెప్పుకుని, మొగ్గలను ఫోటోలు తీసుకున్నారు. ఫుసాయె కళ్లకు ఆ మర్యాద ఎండ కంటె తీక్ష్ణంగా తగిలింది.

అప్పుడు ఒగినో జెండా పక్కన పెట్టి, కొలను కాపలా చూసే కొమోదా అనే ముసలాయన దగ్గరికి పరుగెత్తింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నాక వెనక్కి వచ్చి మైకు పట్టుకున్నది.

“క్షమించాలి. తామర నాలుగు రోజుల పువ్వు. మొదటి మూడు రోజులూ పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. నాలుగో రోజు దానికి ముడుచుకునే ఓపిక ఉండదు. తెరుచుకునే ఉండి, రెక్కలు రాల్చేస్తుంది. అలాంటిది ఒక్కటి, తూర్పు గట్టు దగ్గర ఉన్నదట!”

వెంటనే ఆ ఒక్క పువ్వు ముందు వరుస ఏర్పడింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తోసుకోలేదు. ఒకరు చూస్తారు, ఒక ఫోటో తీస్తారు, పువ్వుకు చిన్నగా తలవంచి పక్కకు తప్పుకుంటారు. వరుసలో ముందున్నవాడు మొరొజుమి, నీటి సరఫరా శాఖలో పనిచేసి విరమించినవాడు. మెడలో మూడు కెమెరాలు. ఆయన తీస్తుండగా ఒక రెక్క రాలింది.

“రాలింది!” అని వెనక్కి కబురు పాకింది. తొమ్మిదో మనిషి దగ్గర రెండు రాలాయి. ఇరవయ్యో మనిషి దగ్గర గాలి వీచి ఒకేసారి నాలుగు పోయాయి. అయినా వరుస ఒక్క అంగుళం కూడా చెదరలేదు. ఫుసాయె వంతుకు ఐదు రెక్కలు మిగిలాయి. ఆమె కళ్లజోడు సర్దుకుని, ఆ ఐదింటినీ ఒక్కొక్కటిగా చూసింది. తొకికో మాత్రం చిట్టచివర, చేతిలో కాగితపు పొట్లంతో వచ్చింది. కొమోదా భార్య గట్టు మీద చిన్న గుడారంలో, తోఫూ అనే సోయా జున్ను తీశాక మిగిలిన పిప్పిని బంగాళాదుంపతో కలిపి ఒత్తి, నూనెలో వేయించి, పుల్లని సాసులో ముంచి ఇస్తున్నది. ఊరివాళ్లు తినే తిండి అది. యాత్రాపత్రంలో దాని ఊసే లేదు.

“వదినా, నీ పువ్వులో నాకొక్క రెక్కే మిగిలింది. నా వేపుడులో నీకు సగం పెడుతున్నా. ఎవరు గొప్ప?”

“నోరు కాలుతుంది, మెల్లగా తిను.”

ఈలోపు ఒగినో కొమోదాను అడిగి పొడుగు కాడతో ఒక ఆకు కోయించింది. ఆకు నడుమ పుల్లతో పొడిచి, చల్లని బార్లీ నీళ్లు పోసి, కాడ చివర నోట్లో పెట్టుకుని పీల్చమని చూపింది. తూడులోని సన్నని రంధ్రాల గుండా నీళ్లు రావాలి. మొరొజుమి పీల్చాడు, ముందు ఏమీ రాలేదు, ఆ తరువాత అంతా ఒకేసారి వచ్చి చొక్కా తడిసింది. అప్పటిదాకా మర్యాదగా ఉన్న ముప్ఫై ఏడుగురూ అప్పుడు మొదటిసారి పగలబడి నవ్వారు. ఒగినో అందరికంటె గట్టిగా నవ్వింది. ఈ మనిషిని కిటికీ లేని గదిలో పెట్టాలనుకున్నవాడి పేరు తెలుసుకోవడం ఇక తన కనీస బాధ్యత అని ఫుసాయె నిశ్చయించుకున్నది.

తిరుగుదారిలో ఒగినో అభిప్రాయ పత్రాల కట్ట తెచ్చి మొదటి వరుసలో ఇచ్చింది. ఒకటి తీసుకుని మిగతావి వెనక్కి పంపమని కోరి, ఎవరో వదిలేసిన టోపీ ఎవరిదో కనుక్కోవడానికి వెనక సీట్లకు వెళ్లింది. తొకికో కట్టను ఒళ్లో పెట్టుకుని వదిన కలాన్నే చూస్తూ కూర్చున్నది.

ఫుసాయె సంచిలోంచి స్కేలు తీసింది. గైడు పేరు మీద నిలువుగానూ కాదు, వంకరగానూ కాదు, సరిగ్గా అడ్డంగా రెండు గీతలు గీసింది. దాని పక్కన, గ్రంథాలయ కార్డులు రాసిన చేతితో, అచ్చు వేసినట్టు ఇలా రాసింది:

“ఇక్కడ ఉండవలసినది సందర్శన వేళను నిర్ణయించినవారి పేరు. తామర పదకొండు గంటలకు ముడుచుకుంటుంది. గైడు పనిలో ఏ లోపమూ లేదు. పై పేరు తెలియజేసిన పిదప సున్నా చుట్టగలను.”

కింద తన పేరు, వయసు, వృత్తి రాసింది. తొగాషి ఫుసాయె, డెబ్బై మూడు, గ్రంథాలయాధికారిణి, విశ్రాంత.

తొకికో అది చదివి, మరొకసారి చదివి, దాన్ని కట్ట పైన పెట్టి వెనక వరుసకు అందించింది.

ఈ దేశంలో ఏ దరఖాస్తు కట్టకైనా పైన ఒక నింపిన నమూనా ఉంటుంది. పౌర కార్యాలయంలో ఉంటుంది, తపాలా ఆఫీసులో ఉంటుంది, పళ్ల డాక్టరు దగ్గర కూడా ఉంటుంది. దాన్ని చూసి అలాగే నింపడం ఇక్కడివారికి చిన్ననాటి నుంచి వచ్చిన అలవాటు. స్కేలుతో గీసిన గీతలు, ముత్యాల్లాంటి అక్షరాలు చూసిన ఎవరికీ అది నమూనా కాదేమోనన్న అనుమానం రాలేదు. ప్రతివారూ అడుగు నుంచి ఒక కాగితం తీసుకున్నారు, పైదాన్ని శ్రద్ధగా చూశారు, కట్టను వెనక్కి పంపారు. స్కేలు లేనివారు అన్నం తినే పుల్లల కాగితపు కవరు అంచు పెట్టి గీశారు.

తిరిగి వచ్చిన ముప్ఫై ఏడు పత్రాలనూ ఒగినో ముందు సీటు దగ్గర నిలబడి తిప్పసాగింది. ఒకటి. రెండు. ఐదు. ఆగి, ఫుసాయె వైపు చూసింది. మళ్లీ తిప్పింది. పద్నాలుగు మంది డెబ్బై మూడేళ్ల విశ్రాంత గ్రంథాలయాధికారిణులుగా సంతకం చేశారు. వారిలో మొరొజుమి ఒకడు; ఆయన ఫుసాయె పేరును కూడా దించేశాడు. ఒగినో సీట్లో కూలబడింది. మెడలోని మైకు ఆపడం మరిచిపోయినందువల్ల, ఆమె ముక్కు చీదిన చప్పుడు బస్సు అంతటా గంభీరంగా వినిపించింది.

“నువ్వే చేశావు” అన్నది ఫుసాయె.

“నేనేం చేశాను వదినా? కట్ట వెనక్కి పంపమన్నారు, పంపాను.”

“నాది పైన ఎందుకు పెట్టావు?”

“కింద పెడితే నలిగిపోదూ?” అని తొకికో పొట్లంలో మిగిలిన చివరి ముక్కను నోట్లో వేసుకున్నది.

ఆగస్టులో ఆ సంస్థ నుంచి ఫుసాయెకు ఒక ఉత్తరం వచ్చింది. ఎండలు తీవ్రంగా ఉన్నాయని, ఆరోగ్యం జాగ్రత్త అని, ఆమె అభిప్రాయాన్ని మిక్కిలి గంభీరంగా స్వీకరించామని అందులో ఉన్నది. పేరు లేదు. అలాంటి ఉత్తరమే మొరొజుమికి “శ్రీమతి తొగాషి ఫుసాయె” పేరున వెళ్లిందని తరువాత తెలిసింది.

సెప్టెంబరులో ఒగినో నుంచి పోస్టుకార్డు వచ్చింది. ముప్ఫై ఏడు పత్రాల్లో ఏ ఒక్కదాని మీదా ఆమె పేరు మిగలలేదు, ఏ మాట చుట్టూ సున్నా లేదు. అందువల్ల లెక్కలో మూడో అసంతృప్తి చేరలేదు. ఆమె ఇప్పుడు శరత్కాలంలో పూసే ఎర్రని హిగన్ పూల బస్సులో ఉన్నది. దారిలో చెస్ట్‌నట్ గింజల అన్నం ఆకులో వడ్డిస్తారు. ఆకు అసలుదేనని తాను స్వయంగా వెళ్లి చూసి వచ్చానని కార్డు చివర రాసింది. తొకికో ఆ రాత కిందే వేలు పెట్టి చదివి, అప్పటికప్పుడే రెండు సీట్లు చెప్పేసింది.

మరుసటి ఏడాది యాత్రాపత్రంలోనూ తామర యాత్ర ఉన్నది. వేళ ఒంటిగంటన్నర. కింద, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాలతో ఒక వాక్యం కొత్తగా చేరింది: “పూలు ముడుచుకుని ఉండవచ్చు.” ఆ వాక్యం రాసింది ఎవరో కూడా పత్రంలో లేదు. ఫుసాయె ప్రతి నెలా ఒకటో తారీఖున అదే ప్రశ్న రాసి పంపుతూనే ఉన్నది.

రేపో మాపో మీ చేతికీ అలాంటి కాగితం ఒకటి వస్తుంది. దాని మీద, ఎండలో జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి పేరు అచ్చు వేసి ఉంటుంది. స్కేలు తీసి ఆ పేరును కొట్టివేయండి. వేళ నిర్ణయించినది ఎవరో అడగండి. ఆ పేరు మీ చేతికి వచ్చేదాకా దేని చుట్టూ సున్నా చుట్టకండి.