ట్యాగులకు సీనియారిటీ

మా నాన్న సన్యాసిరావు టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో టీ గ్లాసు కూడా సీనియారిటీ ప్రకారమే అందాలంటాడు. ఒకసారి అమ్మ తొందరలో అన్నయ్యకు ముందు ఇచ్చిందని పూటంతా అలిగాడు. తన తర్వాత చేరిన నారాయణమూర్తికి తనకన్నా ముందు ప్రమోషన్ వచ్చిందని ఆయనకు మంట. బాగ్‌బేరాలో మా ఇంట్లో ఆ పేరు ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

అలాంటి మనిషికి నేను ట్యాగుల సంగతి చెప్పాను. నా బుద్ధి గడ్డి తింది.

అది రెండువేల మూడో సంవత్సరం. లినక్స్‌లో తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని, ఎవరైనా ఊరికే వాడుకునేలా, ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేస్తున్నారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాసే పని నేను నెత్తినేసుకున్నాను. జీతం లేదు, బత్తెం లేదు. సాఫ్ట్‌వేర్‌తో పాటు సీడీలో వచ్చే ఆ పుస్తకం మొదటి పేజీలో "రచన: హేమ" అని ఉంటుంది, అంతే. పెళ్లి కార్డు మీద తప్ప ఆడపిల్ల పేరు ఎక్కడా చూడని ఇల్లు మాది. ఆ ఒక్క ముక్క కోసం వేసవంతా కరెంటు ఉన్నప్పుడల్లా కూర్చుని రాశాను. శనివారం రాత్రి లోగా పంపకపోతే పుస్తకం లేకుండానే సీడీ వెళ్లిపోతుందని, ఈ వ్యవహారమంతా చూసే సోమేశ్వరరావు గారు ఖరాఖండీగా చెప్పారు.

పుస్తకాన్ని డాక్‌బుక్ పద్ధతిలో రాయాలి. అంటే ఇది పుస్తకం, ఇది అధ్యాయం, ఇది పేరా అని చెప్పే గుర్తులు, అవే ట్యాగులు, తెరుస్తూ, ఏదీ మరవకుండా మూస్తూ పోవాలి. లోపలిది ముందు మూయాలి, బయటిది ఆఖర్న. శుక్రవారం పని పూర్తిచేసి, సంబరం కొద్దీ నాన్నకు చూపించాను.

శనివారం భోంచేసి నడుం వాల్చి లేచేసరికి నాన్న కంప్యూటర్ ముందున్నాడు. పేకాట కోసమే కంప్యూటర్ నేర్చుకున్నాడు, అదే ఆడుతున్నాడులే అనుకున్నాను. తెర మీద పేకలు లేవు.

"ఏటి సేత్తన్నావు నాన్నా?"

"నీ తప్పులు దిద్దేసేనమ్మా. పుస్తకం ట్యాగు అందరికన్నా ముందు డ్యూటీ ఎక్కిందా? దాన్ని ఆకర్న రిలీవ్ సేత్తావా? నిన్నగాక మొన్నొచ్చిన పేరాని ముందు ఇంటికి పంపేత్తావా? ఇది అన్నేయం కాదేటి?"

చూద్దును కదా, ముందు తెరిచినదాన్నల్లా ముందు మూసేశాడు. పుస్తకం మొదటి పేజీలోనే ముగిసిపోయింది, అధ్యాయాలన్నీ వీధిన పడ్డాయి. తప్పులు పట్టే ప్రోగ్రాము నడిపితే తెర నిండా తిట్లే. వేరే కాపీ ఫ్లాపీలో ఉంది కదా అనుకుంటే, అందులో కూడా భద్రంగా ఇదే ఎక్కించాడు మహానుభావుడు.

"ఓలమ్మో, కొంప ముంచేసేవు గదా!" అని భోరుమన్నాను.

"అబ్ తో గయా! ఇంక పోయినట్టే!" అని అన్నయ్య హరికిరణ్ ఇకిలించాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఉన్నది ఉన్నట్టు పెట్టియ్యండి. పిల్ల ఏడత్తంది."

నాన్న చేతులు కట్టుకున్నాడు. "నాకు జరిగింది సాల్దా? జూనియర్ని ముందు పంపడం నా సేత్తో నేను సెయ్యను."

చీకటి పడితే పుస్తకం పంపాల్సిన జుగ్సలాయి నెట్ సెంటర్ మూసేస్తారు. నేనొక్కదాన్నే దిద్దితే తెల్లారిపోతుంది. ఒళ్లు మండి నోటికొచ్చింది అడిగేశాను.

"నాన్నా, బండి ఆగకముందే గార్డు దిగిపోతాడేటి?"

"సీ! ఎలా దిగుతాడు? బండి మొత్తం సేరాల, ఆకరి డబ్బా లోపలికి రావాల..."

"మరి పుస్తకం ట్యాగంటే గార్డే గదా! నడుస్తున్న బండిలోంచి గార్డుని తోసేసేవు నువ్వు."

నాన్న ముఖం పాలిపోయింది. కళ్లజోడు తుడుచుకుని కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. "ముందే సెప్పొచ్చు గదే!" అని తిరిగి నన్నే తిట్టాడు.

ఆ తర్వాత నేను చదువుతుంటే ఆయన దిద్దాడు. "పేరా దిగింది. అధ్యాయం దిగింది." ఆఖరి ట్యాగు దగ్గర లేచి నిలబడి, "గార్డు దిగేడు" అని ప్రకటించాడు. ప్రోగ్రాము ఒక్క తప్పూ చూపలేదు. అమ్మ పకోడీలు తెచ్చింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపు నాన్నే ఫ్లాపీలోకి ఎక్కించి అన్నయ్యను స్కూటర్ మీద నెట్ సెంటర్‌కి తరిమాడు.

కొన్నాళ్లకు సీడీ వచ్చింది. పక్కింటి సింహాచలమ్మ పిన్నిని పిలిచి మరీ తెరిచాను. మొదటి పేజీలో, "రచన: సన్యాసిరావు, రిటైర్డ్ గూడ్స్ గార్డు" అని ఉంది. దాని కింద, "హేమ".

ట్యాగుల్లో తప్పు పట్టైనా దులిపేద్దామని ఫైలు తెరిచాను. ఏం లాభం? తన పేరును ఎంత పద్ధతిగా తెరిచాడో అంత పద్ధతిగానూ మూశాడు.

"ఇదేటి నాన్నా! నా పేరు కిందకి తోసేసేవేటి?"

నాన్న టీ ఊదుకుంటూ, "సర్వీసులో నువ్వు నాకన్నా జూనియర్‌వి కాదేటమ్మా?" అన్నాడు.

మర్నాటి నుంచి అమ్మ టీ మొదటి గ్లాసు నాకే ఇస్తోంది.