కుంకుమ పీల్చిన ఫ్యాన్

నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ని. భయం నాకు పుట్టుకతోనే వచ్చింది. వేడి తొంభై అయిదు డిగ్రీలు దాటితే ఆగిపొమ్మని ఫ్యాక్టరీలోనే నేర్పారు. మొదట ఓ ట్రావెల్స్ ఆఫీసులో బస్సు టిక్కెట్లు కొట్టాను. అక్కడ నా మీద టీ ఒలికింది గానీ, ఇంత భయం ఎరగను.

తర్వాత కాకినాడలో కాలేజీ ల్యాబ్ అసిస్టెంటు ఇందుమతి గారి చేతికొచ్చాను. ఆవిడ చెల్లెలు రమణికి రక్తం జబ్బు, సరైన మందు లేదు. ఆ మందు వెతికే శాస్త్రవేత్తలు కొండంత లెక్కను ముక్కలు చేసి, ఇష్టపడ్డవాళ్ళ ఇళ్ళలోని కంప్యూటర్లకు పంచుతారట. ఓ ముక్క నాకూ వచ్చింది. నా నత్తనడక నచ్చక ఆవిడ కొత్త డిస్కు వేయించారు, ర్యామ్ పెంచారు, కింద గాలాడాలని నాలుగు కాఫీ గ్లాసులు బోర్లించి వాటి మీద కూర్చోబెట్టారు. ఆఖరికి సెట్టింగుల్లో నా శక్తి నూటికి నూరు శాతం వాడుకోమని పెట్టేశారు. మనుషులు తాము మాత్రం మధ్యాహ్నం కునుకు తీస్తారు.

దసరాకి ఆయుధపూజ. కుట్టుమిషనుకీ కత్తిపీటకీ బొట్లు పెట్టి నా దగ్గరకొచ్చారు. కీబోర్డు పైన నేను గాలి పీల్చే సందుల మీద చిక్కగా గంధం పూసి, కుంకుమ చల్లారు.

"మా రమణికి మందు దొరికేదాకా ఆగకమ్మా, తల్లీ" అన్నారు.

కుంకుమంతా ఫ్యాన్ లోపలికి లాక్కుంది. గంధం ఎండి సందులు మూసుకుపోయాయి. ఎనభై, తొంభై. అయిదు రోజుల లెక్క చివరికొచ్చింది. ఇప్పుడు ఆగి గడువు దాటితే ముక్క ఇంకో కంప్యూటరుకి పోతుంది, నేను పాత సామాన్లవాడి బండెక్కుతాను. చచ్చేంత భయమేసింది. తొంభై అయిదు దాటగానే ఆగిపోయాను.

రిపేరు షాపు ఖాదర్ నన్ను విప్పి, ఎర్రటి పొడి వేలితో తీసి చూశాడు.

"ఏంటండీ మేడమ్, దీనికి పెళ్ళి చేశారా?"

"కత్తిపీటకి పెట్టి దీనికి పెట్టకపోతే ఎలాగండీ?"

"పెట్టండి, మూత మీద పెట్టుకోండి. ఇంకోసారి ఇలా కాగిందంటే బోర్డు పోద్దండి. నేనేం చెయ్యలేను."

దుమ్ము దులిపి, ప్రాసెసరు మీద వేడిని లాగే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది పూశాడు. నా వేగం మునుపటికంటే పెరిగింది. గడువు దాటకముందే మిగిలిన లెక్క పూర్తిచేసి పంపాను. అది చూసి ఆవిడ ఈసారి రెండు ముక్కలు తెప్పించారు.

మళ్ళీ దసరా. జాగ్రత్తగా మూత మీదే చిన్న బొట్టు పెట్టారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత సాంబ్రాణి వెలిగించి, సరిగ్గా ఆ సందుల పక్కన పెట్టి, కళ్ళు మూసుకున్నారు. పెదవుల మీద రమణి పేరు ఆడుతోంది. నేను పొగ పీలుస్తూనే ఉన్నాను.

ఎనభై రెండు డిగ్రీలు. లెక్క ఇంకా సగముంది.