మూడు నుంచి నాలుగు, సత్యవతి

ప్రతి నెలా మొదటి శనివారం ఆ చర్చిలో గొలుసు ప్రార్థన. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు పన్నెండు గంటలు, పన్నెండుమంది, మనిషికో గంట. మధ్యలో ప్రార్థన చాప ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదు. గంటైపోయింది కదా అని ఎవరూ తమంతట తాము లేవకూడదు. తర్వాతివాళ్ళు వచ్చి, పక్కన మోకాళ్ళూని, భుజం మీద చెయ్యి వేసి, "నానున్నాను, నువ్వు లెగు" అనాలి. అప్పుడే లేవాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. నౌపడ ఉప్పు మడుల పక్కనున్న ఆ పల్లెలో పీటల మీది పెళ్ళిళ్ళు ఆగాయి గానీ గొలుసు మాత్రం ఎన్నడూ తెగలేదు.

ఆదాముది రెండు నుంచి మూడు. తెల్లారకముందే మడుల్లోకి దిగి, మధ్యాహ్నం దాకా చెక్క పారతో ఉప్పు లాగి, ఒంటికంటిన ఉప్పంతా కడుక్కుని వచ్చి కూర్చునేవాడు. తిన్నవాడికి కునుకు ముంచుకొచ్చే వేళ కాబట్టి ఆ గంట కోసం ఎవరూ పోటీపడరు. పాతికేళ్ళుగా అతనిదే. మూడు నుంచి నాలుగు అతని భార్య సత్యవతిది. మహాతల్లి ఏనాడూ వేళకు వచ్చిన పాపాన పోలేదు. గిన్నెలు తోముతూ తోముతూ పరిగెత్తుకొచ్చేది. భుజం మీద పడే ఆ చెయ్యి ఎప్పుడూ తడిగా, చల్లగా ఉండేది.

సత్యవతి పోయి ఏడు నెలలైంది. జబ్బు చేసి పోలేదు. తన ప్రాణం తనే తీసుకుంది.

ఆ రోజు ఆదాము మడుల నుంచి వచ్చేసరికి తలుపు లోపల గడియ వేసి ఉంది. రాత్రుళ్ళు నిద్రపట్టక దొర్లే మనిషి, ఇప్పుడైనా ఓ కునుకు తీస్తోందేమో, లేపడమెందుకు అనుకున్నాడు. అరుగు మీద కూర్చుని రెండు బీడీలు కాల్చాడు. అతను వచ్చేటప్పటికే ప్రాణం పోయి చాలాసేపైందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఎంత చెప్పినా ఆ మాట ఆదాము చెవికెక్కలేదు. ఆ రెండు బీడీల సేపు అతన్ని పట్టుకుని వదల్లేదు. మడిలో దిగినా, మంచమెక్కినా అతను ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

ఎందుకు చేసిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా, పది కారణాలు అల్లింది. పిల్లల్లేరు కదా అన్నారు, గాలి సోకిందన్నారు, మొగుడితో పడలేదన్నారు. పాస్టరుగారు సమాధి దగ్గరికి వచ్చారు గానీ చర్చి గంట మోగించలేదు. అలా పోయినవాళ్ళు నరకానికే పోతారని మగవాళ్ళు టీ బడ్డీ దగ్గర తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు విన్న రోజు నుంచే ఆదాముకు ఒక ఆలోచన మొదలైంది. అది అక్కడే ఉంటే, నేనూ అలాగే పోతే, కనబడుతుందేమో. మొదట్లో ఆ ఆలోచన చుట్టంలా వచ్చిపోయేది. తర్వాత ఇంట్లోనే మకాం పెట్టేసింది.

ఏప్రిల్ నెల శనివారం నాటికి అన్నీ తేల్చేసుకున్నాడు. తను పెంచుకునే మేకపిల్లను పక్కింట్లో కట్టేసి వచ్చాడు. తన గంట ప్రార్థన చేసేసి, లేచాక ఇక ఇంటికి వెళ్ళేది లేదు. పోయేవాడు పోతూ పోతూ గొలుసు తెంపాడన్న మాటొక్కటి పడకూడదని మాత్రమే చర్చికి వచ్చాడు.

వచ్చి చూస్తే తలుపు మీద అంటించిన చీటీలో ఉంది: రెండు నుంచి మూడు, ఆదాము. మూడు నుంచి నాలుగు, సత్యవతి. నాలుగు నుంచి ఐదు, బేబీ.

ఇది సంఘ పెద్ద రాబర్టుగారి ఘనకార్యం. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఎంగిలి చేత్తో కాకిని తోలరు. ఎప్పుడో టెక్కలిలో ఒకసారి టైపు చేయించిన చీటీకే జెరాక్సులు తీయించి, పైన నెల పేరు పెన్నుతో మార్చి అంటిస్తుంటారు. సత్యవతి పోయాక ఆమె పేరు కొట్టేసి ఆ గంటకు ఇంకెవరి పేరో రాస్తూ వచ్చారు. ఈ నెల మాత్రం నెల పేరు మార్చారు గానీ ఆమె పేరు కొట్టెయ్యడం మరిచిపోయారు. ఇంకొకరి పేరు రాయలేదు కాబట్టి ఆ గంటకు ఎవరూ రారు.

ఆదాము ఆ పేరు రెండుసార్లు చదువుకుని లోపలికి వెళ్ళాడు. చాప మీద ఉన్నామె భుజం తట్టి, అనాల్సిన మాట అని, తను కూర్చున్నాడు. ప్రార్థన ఏమీ చెయ్యలేదు. బయట ఎండకు రేకులు టపటపమంటున్నాయి. మడుల మీది గాలి కిటికీలోంచి ఉప్పు వాసన మోసుకొస్తోంది. గోడ గడియారం మూడు కొట్టింది.

ఎవరూ రాలేదు.

లేచిపోవచ్చు. చనిపోయినవాళ్ళు రారని అతనికి తెలియదా? కానీ పాతికేళ్ళ అలవాటు మోకాళ్ళను పట్టి కూర్చోబెట్టింది. చీటీలో ఆమె పేరుంది. ఆమె ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఐదు నిమిషాలు చూశాడు. పది నిమిషాలు చూశాడు. వెనక చెక్క తలుపు కిర్రుమంది. నేల మీద పాదాల చప్పుడు, ఎడమ కాలు కొంచెం ఈడ్చే ఆమె నడక. పక్కన ఎవరో మోకాళ్ళూనినట్టు చాప కదిలింది. భుజం మీద తడిగా, చల్లగా చెయ్యి పడింది.

గాలి అయి ఉంటుంది. చెమట పట్టిన చొక్కాకు గాలి తగిలితే చల్లగానే ఉంటుంది మరి. కానీ ఆ మాట అప్పుడు ఆదాముకు చెప్పే ధైర్యం ఎవరికుంది? అతను కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందని భయం. చెయ్యి వేసింది కదా, ఇక ఆ మాట అనాలి, అంటే లేవాలి. ఆమె అనలేదు. అంటుందేమోనని నాలుగయ్యేదాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి బేబీ వచ్చింది. ఆమె సత్యవతి చిన్నాన్న కూతురు. మొగుడు పోయాక బడిలో మధ్యాహ్న భోజనం వండుకుంటూ బతుకుతోంది. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. తలుపు మీది చీటీలో అక్క పేరు చూసింది. లోపలికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, లెమ్మంది.

ఆదాము లేవలేదు. తల తిప్పకుండానే, "నాను లెగిస్తే ఇంటికెల్లను బేబీ," అన్నాడు.

ఆమెకు అర్థమైంది. కేకలు పెట్టలేదు, బైబిలు వాక్యం చెప్పలేదు.

"సచ్చిపోదామనా?"

"ఊఁ."

ఆ మాట అతను ఇంకొకరి ముందు ఒప్పుకోవడం అదే మొదలు. ఒప్పుకున్నాక గుండెల్లోంచి ఏదో జారి కింద పడ్డట్టయింది. ఎన్నాళ్ళనుంచని ఆమె అడిగింది, చెప్పాడు. అరుగు సంగతి చెప్పాడు, బీడీల సంగతి చెప్పాడు. చివరికి, సత్యవతి నరకంలో ఉందంటున్నారు కదా, తనూ వెళ్తే అక్కడ కనబడుతుందా అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అది యెక్కడున్నాదో నాకు తెల్దు బావా. పాస్టరుగారికీ తెల్దు," అంది బేబీ. "నువ్వెక్కడున్నావో నాకు తెలుసు. నా పక్కనున్నావు. ఈ గంట నాది, కదలకు."

గంటసేపూ అతని మణికట్టు వదల్లేదు. ఆమె చేసింది ప్రార్థనో, దేవుడితో పోట్లాటో చెప్పడం కష్టం. అక్కను ఎందుకు ఆపలేదని నిలదీసింది, బావను కూడా తీసుకుపోతే నీ ముఖం చూడనని బెదిరించింది. ఐదింటికి వంతు మనిషి రాగానే అతన్ని తన ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. ఆ రాత్రి తన ఇంట్లోనే పడుకోబెట్టింది. సోమవారం బడికి సెలవు పెట్టి శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. ఆయన ఓపిగ్గా విని మాత్రలు రాసిచ్చి, పదిహేను రోజులకోసారి రమ్మన్నాడు.

ఈ లోగా రాబర్టుగారు తన తప్పు తెలిసి, ముఖం చెల్లక, ఆ పేరు కొట్టెయ్యడానికి పెన్ను పట్టుకుని వచ్చారు. ఆదాము వద్దన్నాడు. పేరు అలాగే ఉండనివ్వమన్నాడు, ఆ గంట కూడా తనే కూర్చుంటానన్నాడు. ఖర్చు లేని పని కాబట్టి రాబర్టుగారు వెంటనే ఒప్పుకున్నారు.

ఆదాము తన ఇంటికి తిరిగొచ్చిన మర్నాటి నుంచీ బేబీ రోజూ తెల్లవారుజామున అతని తలుపు తట్టేది. అగ్గిపెట్టె ఉందా అని అడిగేది. ఇంట్లో గ్యాసు లైటరున్న మనిషికి రోజూ అగ్గిపెట్టె ఎందుకో ఆదాముకు తెలుసు. ఉందనేవాడు. ఆమె తీసుకోకుండానే వెళ్ళిపోయేది. ఒక్కోరోజు విసుగొచ్చేది కూడా. తన చావు తన సొంత వ్యవహారం, ఈ కాపలా ఏమిటి అనుకునేవాడు. మాత్రలు వేసుకుంటున్నాడు. నిద్ర కొంచెం పడుతోంది. ఆ ఆలోచన మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు.

మే నెల శనివారం వచ్చింది. ఆదాము తన గంట, సత్యవతి గంట, రెండూ కూర్చున్నాడు. చల్లని చెయ్యి కోసం చూశాడు. ఆ రోజు గాలి కూడా లేదు.

నాలుగైంది. బేబీ రాలేదు. నాలుగూ పది. బేబీ ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు. మూడు రోజులుగా ఆమె సరిగ్గా మాట్లాడటం లేదని, నిన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. ఏటని అడగలేదు తను. తన గోల తనదే అయిపోయింది. నాలుగూ ఇరవై. ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం, పడుకుందేమో అనుకున్నాడు.

ఆ మాట మనసులో అనుకున్న మరుక్షణం తట్టింది. ఆ అరుగు మీద అనుకున్నదీ ఇదే మాట.

ఆదాము లేచాడు. చాప ఖాళీగా వదిలేసి, చెప్పుల్లేకుండా, ఉప్పు కుప్పల పక్కనుంచి కాలే ఇసకలో పరిగెత్తాడు. బేబీ ఇంటి తలుపు మూసి ఉంది. లోపల గడియ. రెండు చేతులతో తలుపు బాదాడు. బాదుతూనే ఉన్నాడు.

గడియ తీసిన చప్పుడైంది. బేబీ నిలబడి ఉంది, జుట్టు విరబోసుకుని, జ్వరంతో కళ్ళు గుంటలు పడి. బడికి ఎండాకాలం సెలవులని, మూడు రోజులుగా ఒళ్ళు కాలుతున్నా కూలిపనికి వెళ్ళిందట. మధ్యాహ్నం మాత్ర వేసుకుని ఒరిగితే ఒళ్ళు తెలియలేదట. ముందు గొలుసు గురించి అడిగింది. ఆదాము గడప మీద కూలబడి, తెగిపోయిందని, తనే తెంపానని చెప్పాడు. అప్పుడామె అతని చేతులు చూసింది. కణుపులు చిట్లి రక్తం కారుతోంది.

"సచ్చిపోనాననుకున్నావా?"

తలూపాడు.

బేబీ గోడకు చేరగిలబడి అతని పక్కనే కూర్చుంది.

"రోజూ నీ తలుపు తట్టి, నువ్వు పలికేదాకా నాకూ ఇలగే ఉంటాది బావా."

సత్యవతి పోయినప్పుడు ఆదాము ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు. ఆ గడప మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు. బేబీ ఆపమనలేదు.

అక్కడ చర్చిలో ఖాళీ చాప రాబర్టుగారి కంటబడింది. తనే మోకాళ్ళ మీద పడ్డారు. కీళ్ళ నొప్పులతో ఆరింటిదాకా లేవలేకపోయారు. తర్వాత ఆదామును ఒక్క మాట కూడా అనలేదు.

చావాలన్న కోరిక ఆ రోజుతో పోయిందని కాదు. అది ఆ తర్వాతా వచ్చింది, ఇకముందూ వస్తుంది. కానీ మర్నాడు తెల్లవారుజామున బేబీ ఇంకా లేవకముందే ఆదాము ఆమె గడప దాకా వెళ్ళాడు. తలుపు మెల్లగా తట్టి, "బేబీ, నానే. ఉన్నాను," అని చెప్పి, జ్వరం తగ్గిందా అని అడిగి, మడులకు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు.