మిగిలిపోయిన నల్ల వైరు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను శిరీష పక్షం. ఆమె తప్పును కాస్త తగ్గించి చెబుదామని చాలా చూశాను. కుదరలేదు.

2010 ఎండాకాలం. శంషాబాద్ బస్టాండు ఎదురుగా స్వరాజ్యం నడిపే జిరాక్స్ షాపు. శిరీష ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. సాయంత్రాలు షాపులో టైపింగ్ చేసిపెడితే, మిగతా టైమంతా అక్కడి కంప్యూటర్ ఆమెదే. ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది, పది రోజుల్లో కాలేజీలో చూపించాలి. ఆ కుర్చీ పోతే ప్రాజెక్టు పోయినట్టే.

కంప్యూటర్ నడుమ నడుమ ఆగిపోతోందని, లోపల కరెంటు అందించే ఇనుప డబ్బాను, అదే ఎస్‌ఎంపీఎస్‌ను, తానే మారుస్తానంది శిరీష. బుద్వేల్‌లో పార్టులు అమ్మే ఆకిఫ్ దగ్గర కొత్తది తెచ్చింది. మంగళవారం పొద్దున చున్నీ నడుముకు చుట్టుకుని డబ్బా బిగించింది. స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది. ‘బీప్’ అని ఒక్కసారి కూసింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

ర్యామ్ పీకి పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. చోటు మార్చి పెట్టింది. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి పెట్టింది. అదే బీప్, అదే నలుపు.

“ఏందే, మొన్నటిదాంక బందయితున్నా బొమ్మన్న వస్తుండె,” అంది స్వరాజ్యం, ఎయిర్‌పోర్టు గుర్తింపు కార్డులు జిరాక్స్ తీస్తూ. “నీ చెయ్యి పడ్డంక అదీ లేదు.”

“నా చెయ్యి కాదక్కా. ఆ ఆకిఫ్ గాడు చెత్త పీసు అంటగట్టిండు.”

ఆ మాటే ఫోన్లో ఆకిఫ్‌కూ చెప్పింది. దొంగ అని కూడా కలిపింది. అరగంటలో బండి షాపు ముందు ఆగింది. ఆకిఫ్ సంచి భుజాన వేసుకుని లోపలికొచ్చాడు.

“ఎవర్రా దొంగ? పదేండ్ల సంది ఈ షాపుకి సామాను ఇస్తున్న. అడుగు అమ్మను.”

“పదేండ్ల సంది గిట్లనే ఇస్తున్నవా?” అంది శిరీష.

జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్లు కార్డులు మరిచిపోయి ఇటు తిరిగారు.

“నా పీసుల తప్పుంటే ఇగ ఈ మెట్టెక్క. నీ తప్పయితే నువ్వు ఆ కుర్సీ ఎక్కొద్దు. సరేనా?”

“సరే,” అనేసింది శిరీష. అన్నాక ప్రాజెక్టు గుర్తొచ్చింది.

“నేను సాక్ష్యం,” అంది స్వరాజ్యం. ఆమెకు ఇద్దరి మీదా ఒళ్లు మండుతోంది.

ఆకిఫ్ స్విచ్ వేశాడు. బీప్.

“ఎన్నిసార్లు కూసింది?”

“ఒక్కసారి.”

“ఒక్కసారంటే ఏంది? ఇంజినీరింగుల చెప్పలేదా మేడమ్?”

చెప్పారు. లోపలంతా బాగుందని అర్థం. పొద్దుటి నుంచి ఇరవై సార్లు విని కూడా ఆమె దాన్ని లెక్కచేయలేదు.

“మానిటర్ లైటు వెలుగుతుందా?”

ఎవరికీ తెలియదు. ఎందుకంటే ప్రతి శుక్రవారం స్వరాజ్యం మానిటర్‌కు పసుపు, కుంకుమ పెడుతుంది. మానిటర్‌కు నొసలు ఎక్కడో తేల్చుకోలేక, మినుకుమనే చిన్న లైటు మీదే పెడుతూ వచ్చింది. వారం మీద వారం, అట్ట కట్టింది.

ఆకిఫ్ చెయ్యి చాచి మళ్లీ వెనక్కు తీసుకున్నాడు. “అమ్మ పూజ బొట్టు. నేను ముట్ట. నువ్వే తుడువు.”

“ఎవరూ ముట్టొద్దు,” అని స్వరాజ్యమే లెంపలేసుకుని, కొంగు తడిపి తుడిచింది. కింద లైటు ఉంది. వెలగడం లేదు.

“చూసినవా అక్కా! ఈయన డబ్బా మన మానిటర్‌నే కాల్చింది!” అని శిరీష అరిచింది.

“అరే, ఎట్ల కాలుస్తది?”

“ఎట్లనో నువ్వే చెప్పాలె. సంచి తీస్కొని నడువు,” అంది స్వరాజ్యం.

మానిటర్‌ను ఇటు తిప్పి చూపిద్దామని శిరీష వెనక్కు చెయ్యి పెట్టింది. వేళ్లకు రబ్బరు బ్యాండు తగిలింది.

పొద్దున తాను వేసిన బ్యాండే. పాత డబ్బాకు వెనక రెండు కన్నాలు ఉండేవి, కొత్తదానికి ఒకటే. వైరు ఒకటి మిగిలితే నీట్‌గా చుట్టి వెనక్కు తోసేసింది. దాని రెండో కొస ఎక్కడుందో చూడలేదు. రెండో కొస మానిటర్‌లో ఉంది. ఇన్నేళ్లూ మానిటర్‌కు కరెంటు ఆ పాత డబ్బా నుంచే వచ్చేది.

సరిగ్గా అప్పుడే పైన విమానం దిగుతోంది. విమానం వస్తే నోరు ఆపడం, చప్పుడు పోయాక ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకోవడం ఆ వీధి అలవాటు. ముగ్గురూ ఆగారు. ఆకిఫ్ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. తాను నోరు మూసుకుంటే అతను మెట్టు దిగిపోతాడు. కుర్చీ మిగులుతుంది.

కానీ ఆ వైరు కొస గోడ ప్లగ్గులో పట్టదు. పట్టే వైరు ఆకిఫ్ సంచిలోంచి తొంగిచూస్తోంది. తెర వెలగకపోతే కుర్చీ మిగిలి ఏం లాభం? అందుకే ఆమెను నిజాయితీపరురాలని పూర్తిగా పొగడకండి, సగం పొగిడితే చాలు.

చప్పుడు పోయింది.

“అన్నా, జర నీ సంచిల ఆ వైరు ఇయ్యరాదూ,” అంటూ బ్యాండు వేసిన వైరు చుట్ట పైకెత్తి చూపించింది. “మానిటర్‌ది ఇది. నేనే చుట్టి పెట్టిన.”

ఆకిఫ్ ఆ చుట్ట వంక, మానిటర్ వంక చూశాడు. “ఇప్పుడు అన్ననా? పొద్దుగాల దొంగనుంటి.”

“తప్పు నాదే.”

“గట్టిగ చెప్పు. వీళ్లందరికీ వినబడాలె.”

గట్టిగా చెప్పింది. అతను వైరు బల్ల మీదికి విసిరాడు. గోడకు పెట్టగానే తెర వెలిగింది, ఏమీ జరగనట్టు.

స్వరాజ్యం వచ్చి కుర్చీ లాగేసి ఆకిఫ్ ముందు వేసింది. “కూసో. చాయ్ చెప్త.” శిరీష వైపు తిరిగి, “కుర్సీ ఎక్కొద్దన్నడు గని కంప్యూటర్ ముట్టొద్దనలే. నిలబడి చేస్కో,” అంది.

ఆకిఫ్ చాయ్ చివరి చుక్క దాకా తాగి, ఆమె వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. పది రోజులూ శిరీష నిలబడే ప్రాజెక్టు చేసింది. బొట్టు ఇప్పుడు మానిటర్ పై అంచున ఉంటోంది.

సరే, శిరీష సంగతి చెప్పేశాను. మీరు చుట్టి పక్కన పడేసిన వైరు ఏది? దాని పాపం ఎవరి నెత్తిన వేశారు? రాయండి. ఆమెకు జరంత తోడు దొరుకుతుంది.