గీత తేలిన ఓడ

నా భార్య పైడమ్మను జంపినది సముద్రము గాదు, షావుకారు చీమలకొండ అప్పలస్వామి యాజ్ఞ.

అది మార్గశిరమాస ప్రాతఃకాలము. హిమావగుంఠితములగు మడయడవులనడుమ మందగంభీరముగాఁ బ్రవహించు గౌతమీపాయయందుఁ ద్రిస్తంభవిరాజితమును గ్రొత్తగాఁ బూసిన తారుచే శ్యామలమును నగు షావుకారు నోడ పోటు నిండుటకై నిరీక్షించుచుండెను. దూలములఁ దట్టి యతుకులు చూచిన పరీక్షకుఁడు దానిని సరకుల యోడలలోఁ బ్రథమశ్రేణిఁ జేర్చి యింతకు మించి మునుఁగరాదని ప్రక్కన నొక తెల్లగీత వ్రాయించి పోయెను. షావుకారు పైబల్లలమీఁద నిలువెత్తు పీచుమూటలు పేర్పింపఁగా నా గీత మునిఁగెను. మూటలు దింపింపక యాతఁ డడుగున నున్న బరువురాళ్లను దీయించెను. గీత తేలెను. ఓడను నిలువున నిలుపునవి యా రాళ్లేయని యెఱుఁగనివాఁడు మా రేవున నతఁ డొక్కఁడే.

నేను ఓడలు కట్టు వడ్రంగిని. మా వాడుక ననుసరించి లంగరెత్తుటకు ముందు నావికులందఱు నొక్కుమ్మడి నీ యంచునుండి యా యంచునకుఁ బరుగెత్తఁగా నోడ యూఁగి తిరిగివచ్చు కాలమును లెక్కించితిని. ఎనిమిది లెక్కకు రావలసినది పదునాఱు లెక్కకు వచ్చెను. మెల్లగా లేచు నోడ యొకనాఁడు లేవదు.

"రాళ్లు మళ్లీ ఏయించండి షావుకారూ. ఓడ బద్దకంగా లేస్తంది" అంటిని.

"గీత కనపడతందా లేదా? ఫస్టు క్లాసు ఓడయ్యా ఇది! కాయితం ఇచ్చినాయనకన్నా నీ బాడిసెకి ఎక్కువ తెలుసేంటి?" అని యాతఁడు నవ్వెను.

భీమునిపట్నమునఁ జెల్లెలి పురుటికిఁ బోవుటకై పైడమ్మ యప్పటికే మూటలమీఁదఁ గూర్చుండెను.

"దిగవే. ఇంకో ఓడకి ఎల్దువుగాని" అంటిని.

"సాల్లే మావా నీ నస! పెళ్లిలో మీవోళ్లు మోసిన పల్లకీ కుదిపి సంపింది. ఇదైతే ఉయ్యాలలా ఉంది. ఆ సంచీ ఇలాగియ్యి."

ఇచ్చితిని.

ఏటి మొగ దాఁటి తెరచాపలెత్తి మలుపు తిరుగుచు నోడ యొక ప్రక్కకు వాలెను. నేను గట్టున లెక్కించుచుంటిని. ముప్పది దాఁటినది. లేవలేదు. పదునొకండ్రు నావికులలో నొక్కఁడును దక్కలేదు. పైడమ్మయు దక్కలేదు.

రాళ్లమాటయు లెక్కమాటయు నేను జెప్పినను, ప్రథమశ్రేణి యోడ తనంతఁ బడదు గావున గాలివానయే కారణమని విచారణాధికారి వ్రాసెను. నాఁడు చాపలు సగమైనను నిండని గాలి. పిమ్మట నాతఁడు తలయెత్తి "అన్నీ తెలిసినవాడివి, నీ భార్యని ఎందుకు ఎక్కనిచ్చావయ్యా?" అని యడిగెను.

ఆమె చేతికి సంచి నందిచ్చినది నేనే. ఇఁక నెన్నఁడు నీ మాట నా నోట రాదు.