పాల్మాకుల బోరు నీళ్లు

గగన్‌పహాడ్‌లో ఒక నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే షెకీనాకు ఆ పొద్దున్నే తల వాచిపోయింది. కారణం పాల్మాకుల అంగన్‌వాడీ బోరు నుంచి వచ్చిన సీసాడు నీళ్లు. అందులో ఫ్లోరైడ్ లీటరుకు 1.46 మిల్లీగ్రాములు తేలింది. తాగే నీళ్లకు హద్దు ఒకటిన్నర.

"దాటలేదు గద! పాస్ అని రాసెయ్," అన్నాడు మేనేజరు శ్రావణ్‌కుమార్.

"దాటలేదని ఎట్ల చెప్తం సార్? మన కొలతల అటూఇటూ 0.11 తేడా ఉంటది. అసలుది 1.57 గూడ కావచ్చు."

"ఆ తేడా ఎవరడిగిన్రు? తీసెయ్."

ఆ తేడా లెక్క కట్టడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. నీళ్లు కొలిచి తీసే గాజుగొట్టం, పిపెట్టు, ఎంత తప్పుతుందో, పోల్చి చూసే ద్రావణాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకుని, అవే నీళ్లను పదిసార్లు కొలిచింది. పదిసార్లూ పది అంకెలు. ఇంతా చేస్తే తీసెయ్యమంటాడు! పోయిన నెలా ఇదే మాట.

అంతలో అంగన్‌వాడీ టీచరు దుర్గవ్వ రిపోర్టు కోసం వచ్చింది. "ఇద్దరు పిల్లలకు పండ్ల మీద మరకలొచ్చినయి. ఆ నీళ్లు తాగొచ్చా, తాగొద్దా? ఒక్క మాటల చెప్పు బిడ్డా."

షెకీనా ఉన్నదంతా చెప్పింది.

"ఏంది గిది! మీ మిషన్‌కే అనుమానమా? ఇగ నేనేం జెయ్యాలె?"

షెకీనాకు విసుగు గొంతుదాకా వచ్చింది. "ఏ మిషనైనా గంతే అక్కా! మీరు పిల్లల్ని తూకమేస్తరు గద. ఒక్క పిల్లనే మూడుసార్లు తూస్తే ఒక్కటే బరువొస్తదా?"

"రాదు. జర అటిటు అయితది."

"మరి ఆ బరువు సరిగ్గ మీ చార్టుల గీత దగ్గరుంటే?"

"బలహీనం లిస్టులనే రాస్త. పసిపిల్లతోని పందెం గడ్తమా?" అంది దుర్గవ్వ. తర్వాత శ్రావణ్‌కుమార్ వైపు తిరిగింది. "సార్, గా అటిటు సంగతి కాయితం మీద రాసియ్యున్రి. సర్పంచుకు చూపెట్టాలె."

అడిగినవాళ్లే ఎదురుగా నిలబడేసరికి అతను రిపోర్టు ముందుకు లాక్కున్నాడు. 'తేడా 0.11; హద్దు లోపలే ఉందని నిర్ధారించలేం' అన్న వాక్యం కింద మొహం మాడ్చుకుని సంతకం పెట్టాడు. ఈ రోజు నుంచే పిల్లలకు నల్లా నీళ్లు, బోరు నీళ్లు గిన్నెలు కడగడానికే అంటూ దుర్గవ్వ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇగ ప్రతోడూ గిట్లనే అడుగుతడు," అని గొణిగాడు శ్రావణ్‌కుమార్.

"అడగనీయున్రి సార్," అంది షెకీనా. గెలిచినట్టేమీ అనిపించలేదామెకు. ఆకలి మాత్రం దంచేస్తోంది. చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బా తెరిచింది.