విత్తనాల గది పర్నాల

మేము అద్దెకుంటున్న ఇల్లు నర్సమ్మక్కది. వాళ్ళకి ఝరాసంగం దగ్గర పొలాలున్నాయి. జహీరాబాద్‌లో ఈ ఇల్లు కట్టుకుని, ముందు భాగం మాకిచ్చి వెనక తనుంటుంది. ఇల్లు మామూలుదే గాని చుట్టూ ఉన్నది పెరడు కాదు, అడవి. రెండు చింతలు, మూడు వేపలు, వెనక మామిడి తోట. ఒక్క కొమ్మ కొట్టనివ్వదు. వానాకాలం వస్తే పైనుంచి నీళ్ళు ఎక్కువ పడతాయో ఆకులు ఎక్కువ పడతాయో ఆ దేవుడికే తెలియాలి. ఆరేళ్ళుగా ఆ ఆకులు ఊడుస్తున్నదాన్ని, కాబట్టి నేనేమన్నా చెల్లుతుంది.

వెనకాల ఒక రేకుల గది ఉంది. దాని చూరు వెంట సగానికి చీల్చిన పైపు కట్టి ఉంటుంది. కప్పు మీది నీళ్ళు అందులో పడి, మూలనున్న గొట్టంలోంచి కిందికి దిగుతాయి. మా కోనసీమలో దాన్ని దోనె అంటాం, నర్సమ్మక్క పర్నాల అంటుంది. అందులో ఆకు తియ్యకపోతే నీళ్ళు వెనక్కి తన్ని గోడ మీదుగా గదిలోకి దిగుతాయి. ఆ గదిలో ఉండేది ఒకే ఒక్క గోనెసంచి. ఆమె తల్లి ఇచ్చిన తెల్లజొన్న విత్తనం. చుట్టుపక్కల వాళ్ళంతా పత్తికీ సోయాకీ మారిపోయారు, ఆ రకం వేసేది ఈమె ఒక్కతే. ఏటా మంచి కంకులు ఏరి ఒక సంచి దాస్తుంది. అది పోతే మళ్ళీ దొరకదని నాతో వందసార్లు చెప్పుంటుంది.

ఆగస్టులో కూతురు త్రివేణికి నెలలు నిండాయని కోహీర్ వెళ్ళింది. "చెల్లె, పర్నాల జర సాఫ్ చేసి పెట్టున్రి" అని చెప్పి గది తాళం నా చేతిలో పెట్టింది.

సరే, మా ఆయన రామకృష్ణ ఫ్యాక్టరీ సెలవు రోజున నిచ్చెనెక్కి ఆకంతా తీశారు. గొట్టం మూతికి ఆకు లోపలికి పోకుండా తీగల బుట్టలాంటిదొకటి ఉంది, చింతాకు పట్టేసి గట్టిపడిపోయింది. "ఇది కడిగియ్యి వరలక్ష్మీ, మళ్ళీ పెడతాను" అని నాకందించారు. నేను కడిగి వచ్చేసరికి ఆ మహానుభావుడు దిగిపోయి స్నానానికి వెళ్ళిపోయారు. బుట్టేమో ముచ్చటగా ఉంది. కొత్తిమీర మొలకల్ని పిచ్చుకలు పీకేస్తున్నాయని మడి మీద బోర్లించాను. అంతే, ఇద్దరం మరిచిపోయాం.

గురువారం మధ్యాహ్నం ముసురు పట్టింది. నర్సమ్మక్క ఫోన్ చేసింది.

"చెల్లె, దవాఖానల ఉన్నం. ఆడ వాన గట్టిగ వడ్తుందట గద. జాలి ఉన్నదా?"

అవతల కూతురు నొప్పులు పడుతుంటే ఎవరికి మాత్రం జాలి ఉండదు? "అయ్యో, ఎందుకుండదక్కా, బోలెడంత ఉంది" అన్నాను.

"జర సూడు చెల్లె. జాలి లేకుంటె నా విత్తనం ఆగమైతది."

నా గుండె కరిగిపోయింది. మేము వంశాంకురం అన్నట్టే వీళ్ళు పుట్టబోయే బిడ్డని విత్తనం అంటారు గాబోలు అనుకున్నాను. జొన్నల సంచి గుర్తు రాలేదా అని మీరడుగుతారు. రాలేదు. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసిన మనిషి జొన్నల గురించి మాట్లాడుతుందని ఎవరనుకుంటారు?

"దిగులు పడకక్కా, నేను దేవుడికి దణ్ణం పెడతాను" అన్నాను.

"దండం గూడ పెట్టు. గని జాలి సూడు" అని పెట్టేసింది.

దీపం వెలిగించి లలితా సహస్రం చదివాను. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. నా జాలి ఊరికే పోలేదని మురిసిపోయాను కూడా, నా మొహం!

ఆ వారం మా ఆయనకి నైట్ డ్యూటీ. పొద్దున్నే వచ్చి పడుకునేవారు, మాటా మంతీ లేదు. వాన మూడు రోజులు విడవలేదు. ఆదివారం కాఫీ తాగుతూ ఫోన్ సంగతి చెబితే గ్లాసు కింద పెట్టేశారు.

"జాలి ఉందా అని అడిగారా? ఓసి పిచ్చిదానా, జాలంటే ఆ తీగల బుట్టే! మా ఫ్యాక్టరీలో ఇక్కడివాళ్ళంతా మెష్‌ని అదే అంటారు. ఏదీ అది?"

నేను కొత్తిమీర మడి వైపు చూశాను.

"మళ్ళీ పెడతానన్నది మీరు కాదూ?" అన్నాను. ఆ పూట కూడా తప్పు ఆయన మీదికే తోశాను.

పర్నాల అంచుల దాకా నిండి ఉంది. గొట్టం వంపులో ఆకు ముద్దై కూరుకుపోయింది, ఊచ పెట్టి పొడిస్తే గాని కదల్లేదు. గది తెరిస్తే గోడంతా తడి. సంచి తడిసి బరువెక్కింది. లోపల చెయ్యి పెడితే వేడిగా తగిలింది, పులిసిన వాసన. హాల్లో దుప్పట్లు పరిచి, గింజలు పోసి, రెండు రోజులు ఫ్యాన్ వేసి ఉంచాం. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు.

మంగళవారం నర్సమ్మక్క వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, జాలి అంటే నేనేమనుకున్నానో అది కూడా. నవ్వుతుందేమో, తిడుతుందేమో అని చూశాను. రెండూ చెయ్యలేదు. ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూట కట్టింది. రాయికోడ్‌లో చుట్టాలకి ఫోన్ చేసింది. ఆ జొన్న మానేసి పదేళ్ళయిందన్నారు వాళ్ళు.

నాలుగో రోజు నా ముందే మూట విప్పింది. ఒక్క గింజకీ మొలక రాలేదు. వేలితో అటూ ఇటూ కదిపి చూసి, మళ్ళీ గుడ్డ మూసేసింది.

వాసన పట్టని గింజలు ఏరితే నాలుగు శేర్లు తేలాయి. గిర్నికి తీసుకెళ్ళి తనే పిండి పట్టించుకొచ్చింది. ఆ మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచి పీట వేసింది. పిండి పిసికి, చేత్తో తట్టి, పెనం మీద వేసింది. కాల్చిన రొట్టెల్లో రెండు గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

"ఇవి త్రివేణికి. దానికి ఈ జొన్నంటె పాణం" అంది. "పసిదానికి పండ్లొచ్చి రొట్టె నమిలేదాక పిండి ఆగది గద."

ఒక రొట్టె నా పళ్ళెంలో వేసి, పక్కన పప్పు పోసింది. తుంచి నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా, కమ్మగా ఉంది. చెప్పకుండా ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోదుగా.

"చాలా బాగుందక్కా" అన్నాను.

పెనం మీది రొట్టె తిప్పబోతున్నదల్లా ఆగింది. "మంచిగుంటదని ఇప్పుడు తెల్సిందా చెల్లె?" అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగింది. అడిగి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెనం మీది రొట్టె మాడుతుంటే నేనే లేచి తిప్పాను.